బోర్డు మీద అంకె

నిండు బండి తోస్తూ తోస్తూ పిన్ని నేల మీద కూలబడింది. సూపర్‌వైజర్ ఉరుకులు పరుగుల మీద వచ్చాడు. వచ్చి ఆమె మొహం చూశాడా? లేదు. చేతిలో స్టాప్‌వాచీ చూశాడు.

"తొమ్మిది నిమిషాలు! గుర్రానికి ఏడే పట్టింది. మీకేం రోగం?"

ఆ గుర్రం వెనకాలే బండితో నిలబడి ఉన్నాడు. మనిషే. రోజూ తెల్లవారుజామున గదిలోంచి పన్నెండు కిలోమీటర్లు పరుగెత్తి గోదాముకొచ్చే కూలీ. వచ్చే నెల పెద్ద పరుగు పందేనికి సెలవిప్పిస్తానని సూపర్‌వైజర్ మాటిచ్చాడు. ఆ సంబరంలో, నిన్నటికన్నా ఇవాళ ముందుండాలనే పాడు అలవాటుకొద్దీ, షెడ్డు నుంచి లారీ దాకా పన్నెండు నిమిషాల దారిని ఏడింట్లో ముగించాడు. మర్నాడే ఆ ఏడు నిమిషాలే అందరికీ గడువని బోర్డెక్కింది. బతుకులో పరుగొక్కటే తన సొంతమనుకున్నాడు. కంపెనీ దాన్నీ కాజేసింది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర అతనికెవరూ చోటివ్వలేదు.

"నీ పరుగు మా ప్రాణాల మీదికి తెచ్చింది కదరా," అన్నాడు బండ్లవాళ్లలో పెద్దవాడైన తాత.

"తప్పయిపోయింది తాతా. రేపట్నుంచి మెల్లగా తోస్తా."

పిన్ని తడిగుడ్డ నుదుటికి ఒత్తుకుంటూ అంది: "నువ్వొక్కడివే మెల్లగా తోస్తే నిన్ను పీకేస్తారు. అంకె అలాగే ఉంటుంది."

గుర్రం బండ్ల దారికేసి చూశాడు. రెండు పక్కలా కప్పుదాకా పెట్టెలు. మధ్యలో ఒక్క బండి పట్టే సందు.

"పందెంలో ఇరుకు దారొస్తే ముందున్నవాడిదే వేగం. వెనకవాళ్లు దాటలేరు. రేపు నేను ముందుంటా. మీరంతా నా వెనకే రండి."

"మరి నీ సెలవు?" అంది పిన్ని.

"పోతే పోయింది!" అని తినకుండానే అన్నం గిన్నె మూసేశాడు.

మర్నాడు ముప్పై బండ్లు ఒకటే వరుస. ముందు గుర్రం, నడుస్తూ.

"పరుగెత్తరా! లేకపోతే సెలవూ లేదు, పనీ లేదు!" సందు చివర సూపర్‌వైజర్ గంతులేశాడు.

"మనుషుల నడక ఇదే. పన్నెండని రాసుకోండి."

సందు దాటగానే అతని హాజరు కార్డు లాక్కుని, మెడపట్టి గేటు బయటికి గెంటేశారు. ఊచలు పట్టుకుని చూస్తూ, ఇక మిగతావాళ్లు బెదిరిపోతారనుకున్నాడు గుర్రం. పిన్ని తన బండిని ముందుకు తెచ్చింది. నడిచింది. ఆమె కార్డూ లాక్కున్నారు. తాత ముందుకొచ్చాడు. అతని వెనక ఇంకా ఇరవై ఏడు బండ్లున్నాయి.

తాత బండి లారీ దగ్గర ఆగగానే గుర్రం గేటు అదిరేలా అరిచాడు: "ఎంత?"

లోపల ఒక్కసారే అన్ని గొంతులూ లేచాయి.

"పన్నెండు!"