మేకు ఖాళీగా ఉందంటే

నేను ఒక మెమరీ కార్డును. వీడియో గేమ్ యంత్రానికి ముందువైపు ఒక గాడి ఉంటుంది, అందులో దూరతాను. అగ్గిపెట్టెకన్నా చిన్నదాన్ని. నాలో పదిహేను గడులున్నాయి. ఆడే మనిషి ఎక్కడిదాకా వెళ్ళాడో ఒక్కో గడిలో రాసుకుంటాను. నాకు కళ్ళు లేవు. కాబట్టి ఇక్కడ చెప్పేది నాలో రాసి ఉన్నది, నా చుట్టూ విన్నది. అంతకు మించి లేదు.

పుట్టింది సముద్రం అవతల ఒక కర్మాగారంలో. ఒకామె నన్ను యంత్రంలో పెట్టి ఒక అక్షరం రాసింది, చదివింది, చెరిపింది. పని చేస్తున్నానని తేల్చి డబ్బాలో వేసింది. అక్కడినుంచి ఓడలో, తర్వాత లారీలో హైదరాబాదు వచ్చాను. కోఠి దగ్గర ఒక గల్లీలో నన్ను కొన్న ఇంట్లో తీరికకూ డబ్బుకూ లోటు లేదు. అల్మరా నిండా ఆటలుండేవి. రెండేళ్ళలో నా పదిహేను గడులూ నిండాయి. పదిహేనింటిలోనూ ఒక్కో ఆట మొదటి అరగంట ఉంది. రెండో అరగంట ఏ ఆటకూ లేదు. కొత్త యంత్రం రాగానే పాతదానితో పాటు నన్నూ అమ్మేశారు.

మమ్మల్ని కొన్నది మందమర్రిలో సులోచన. ఆమెకు అప్పటిదాకా ఎస్టీడీ బూత్ ఉండేది. చేతుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చాక బూత్ తీసేసి, రెండు టీవీలు పెట్టి, అరగంట లెక్కన గేమ్ షాపు నడిపింది. ఆమె భర్త బొగ్గుగనిలో, అక్కడివాళ్ళ మాటలో బొగ్గుబాయిలో, ల్యాంపు రూములో పనిచేసి రిటైరయ్యాడు. షాపు నియమం ఆయన పెట్టినదే.

ఆ నియమం అర్థం కావాలంటే బాయి నియమం తెలియాలి. బాయిలో దిగే ప్రతి మనిషికీ నంబరున్న ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంటుంది. గేటు దగ్గర బోర్డు మీద తన మేకునుంచి బిళ్ళ తీసుకుంటాడు. ల్యాంపు రూములో బిళ్ళ ఇచ్చి, నెత్తిన పెట్టుకునే దీపం తీసుకుని దిగుతాడు. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుని, మళ్ళీ బోర్డుకు తగిలించి ఇంటికి పోతాడు. మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా కింద ఉన్నట్టు. దీపం వచ్చినా సరే, బిళ్ళ కూడా వస్తేనే మనిషి వచ్చినట్టు.

ఒక కార్డు ఎవరి జేబులోనో పోయాక సులోచన షాపులోనూ మేకు వెలిసింది. నాకు దారం కట్టి దానికి తగిలించారు. నేను కావాలంటే ఆడేవాడు తన వస్తువొకటి మేకుకు తగిలించి నన్ను తీసుకోవాలి. సైకిలు తాళంచెవి, గడియారం, సద్ది సంచి, ఏదైనా సరే.

దుర్గం పోశం ఎప్పుడూ సద్ది సంచి తగిలించేవాడు. వయసు నలభై మూడు. బాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. నంబరు 417. కడుపునొప్పికి డాక్టరు కల్లు మానమంటే మానేశాడు. మానిన వారం అతని భార్య రాజేశ్వరి శనివారం కల్లు పైసలు ఆపకుండా చేతిలో పెట్టింది. "మానినోనికి ఇంకోటేదన్న ఉండాలె. లేకుంటే మల్ల అటే పోతడు" అని సులోచనతో చెప్పింది. ఆ పైసలకు షాపులో అరగంట వచ్చేది. అతనికి ఉన్న తీరికా అంతే. మూడింటికి షిఫ్టు అయిపోతుంది, నాలుగున్నరకు క్వార్టర్లలో నల్లా వస్తుంది. రాజేశ్వరి బడిలో వంట చేసి వచ్చేసరికి నీళ్ళు పట్టి ఉంచడం అతని వంతు.

మొదటిరోజు ఆట పెట్టి, పేరు కొట్టమంటే అతను బిళ్ళ నంబరు కొట్టాడు. నా పదిహేను గడుల్లో ఒకటి అలా 417 అయింది.

ఆ ఆటలో ఒక బాటసారి కొండలు దాటి సముద్రం దాకా నడవాలి. దారిలో అక్కడక్కడ రాతి దీపాలుంటాయి. దీపం ముట్టిస్తేనే అంతవరకు నడిచింది నాలో చేరుతుంది. రెండు దీపాల నడుమ యంత్రం కట్టేస్తే ఆ నడకంతా పోతుంది. మిగతావాళ్ళు ఈ ఆటను పరుగుతో ఆడేవారు. పోశం నడిచేవాడు. ఆటలో ఒక సొరంగం వస్తే ఆగాడు.

"గీ దుంగ నిలవదు. వంకర వెట్టిన్రు" అన్నాడు.

"బొమ్మల దుంగ నీకెందుకు తమ్మీ" అంది సులోచన. "కల్లు కాంపౌండ్ల అయితే ముచ్చట్లన్న చెప్పుకుంటరు. గీడ బొమ్మతోని ఏం ముచ్చట?"

"బొమ్మ తాగి తిట్టదక్కా."

రెండేళ్ళు వారానికి అరగంట చొప్పున వచ్చాడు. కోఠి ఇంట్లో ఏ ఆటకూ దక్కని రెండో అరగంట, ఇరవయ్యోది, తొంభయ్యోది, ఈ మనిషి దగ్గర నాలో ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. వారంలో మిగతా రోజులు అతను ఆ దారి మరిచిపోలేదని నాకు తెలుసు. శనివారం వచ్చి కూర్చున్నాక ఒక్క అడుగు తప్పు వేసేవాడు కాదు.

చివరి కనుమ దగ్గర ఆగిపోయాడు. కనుమకు ఇవతల ఒక దీపం, అవతల ఒక దీపం. నడుమ నలభై నిమిషాల నడక. అతని దగ్గర ఉన్నది ముప్ఫై. నాలుగు శనివారాలు ప్రయత్నించాడు. నాలుగుసార్లూ అరగంట అయిందని షాపు గంట మోగింది, లేచి నల్లా దగ్గరికి పోయాడు. నడిచింది నాలో చేరలేదు.

అయిదో వారం పైపులైను మరమ్మతు వల్ల శనివారం నల్లా రాదని క్వార్టర్లలో చాటింపు వేశారు. అప్పటికే పోశం మూడు వారాలుగా షేర్ ఆటో మాని బాయినుంచి నడిచి వస్తున్నాడు. ఇంకో అరగంటకు సరిపడా మిగిలింది. రెండేళ్ళలో తీరికా డబ్బూ ఒకేరోజు కలిసింది ఆ ఒక్కసారే.

ఆ శనివారం అతని చెప్పుల చప్పుడు ఎప్పటికన్నా ముందే వినిపించింది. మేకు దగ్గర ఒక్క క్షణం లోహం చప్పుడైంది. అది సద్ది సంచి చప్పుడు కాదు. నాకు అప్పుడు తట్టలేదు, సులోచన చూడలేదు, అతనికీ తెలియలేదు. ఇరవై ఏళ్ళుగా ఆ చెయ్యి బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటోంది. తొందరలో బోర్డు దాటి వచ్చేశాడు. జేబులో ఉండిపోయిన బిళ్ళ చేతికి తగిలింది. చెయ్యి తనకు తెలిసిన పని చేసింది. బిళ్ళ మేకుకు తగిలించి నన్ను తీసుకుంది.

ముప్ఫై ఆరో నిమిషంలో వాకిట్లో సైకిలు పడిన చప్పుడు. అతనితో పనిచేసే ఓదెలు.

"పోశిగా, నీ బిళ్ళ ఏదిరా?"

"బోర్డుకున్నది."

"బోర్డుకుంటే నేనెందుకొస్త? నీ మేకు ఖాళీ. ల్యాంపు వచ్చింది, మనిషి రాలే అని మొండన్న ఇద్దర్ని తీస్కొని మల్ల దిగిండు. నువ్వు దుంగలు వెట్టిన జాగల ఎతుకుతున్నరు. గీడ కూసున్నవా నువ్వు?"

మొండయ్య సర్దార్. ఆ షిఫ్టు మనుషులకు జవాబుదారీ. ఎనిమిది గంటలు పనిచేసి పైకొచ్చి, పోశం కోసం మళ్ళీ దిగాడు.

దీపానికి ఇంకా నాలుగు నిమిషాల నడక ఉంది. పోశం వేళ్ళు మీటల మీద ఎంతసేపు ఆగాయో నేను చెప్పగలను. ఒక మీట నొక్కేంతసేపు. అది యంత్రం కట్టకుండా ఆటను ఉన్నచోటే నిలిపే మీట. మేకు మీద బిళ్ళ గలగలమంది. రెండు జతల కాళ్ళు పరుగెత్తాయి.

ఇప్పుడు మేకు మీద నేనూ లేను, బిళ్ళా లేదు.

శనివారం సాయంత్రం షాపుకు బేరం ఎక్కువ. ముగ్గురు వచ్చి ఆ టీవీ అడిగారు. సులోచన కుర్చీ అడ్డం పెట్టింది. "దాన్ని ముట్టకున్రి. ఆ మనిషి ఇంక పైకి రాలే" అంది. మొదటివాడు నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆరింటికి రోజూ కరెంటు పోతుంది. ఆమె గడియారం చూసినప్పుడల్లా గాజులు కదిలేవి.

ఆరవడానికి ఇంకా పన్నెండు నిమిషాలు ఉండగా మనుషులు వచ్చారు. పోశం, ఓదెలు, ఇంకో గొంతు. ఆ గొంతు మొండయ్యది.

"చెంప మీద ఒకటి సర్సిన, సాలదు" అన్నాడు మొండయ్య. "ముగ్గురి పానాలు తీస్కపోయి బాయిల వెడితివి. ఏం చూసుకుంట మర్సినవో నాగ్గూడ చూపెట్టు."

"తప్పయింది మొండన్నా. చూసుడెందుకు, ఇడిసిపెట్టు."

"కూసో. చూపెట్టన్న."

కుర్చీ జరిగింది. బాటసారి మళ్ళీ అడుగు వేశాడు. నాలుగు నిమిషాలు నడిచాడు. తర్వాత టీవీలోంచి ఒక హోరు మొదలైంది. ఆ రెండేళ్ళలో నేను వినని చప్పుడు అది. కనుమ దాటాడని తెలిసింది.

నేను చూడలేదు. విన్నది చెబుతాను. సులోచన పక్క టీవీ గొంతు తగ్గించింది. ఆ టీవీ ముందు కూర్చున్నవాళ్ళు తమ ఆట ఆపి లేచి వచ్చారు. బొగ్గు దుమ్ముకు గరగరమనే మొండయ్య ఊపిరి కూడా కాసేపు వినిపించలేదు. చిన్న గదిలో తొమ్మిది మంది, గాలిపంకా చప్పుడు, ఆ హోరు. నాలో అంతకుముందు, ఆ తర్వాత ఎన్నో ఆటలు ముగిశాయి. గెలిచినవాళ్ళు అరుస్తారు. అరవకుండా నిలబడ్డవాళ్ళను ఆ ఒక్కరోజే విన్నాను.

చివరికి మొండయ్య అడిగాడు. "అటు ఒడ్డు కనవడ్తలేదేందిరా?"

"సముద్రమన్నా. ఉండదట."

"గోదారికుంటది గదా."

"గోదారికుంటది."

మళ్ళీ కాసేపు హోరు. మొండయ్య గొంతులో కోపం పోయింది. పని చెప్పే గొంతు వచ్చింది. "కరెంటు పోతది. దీపం ముట్టియ్యి."

పోశం ముట్టించాడు. నాలో రాయడానికి నాలుగు సెకన్లు పడుతుంది. రాశాను. 417, చివరి దీపం, యాభై ఒక్క గంటా ఇరవై రెండు నిమిషాలు. అందులో గంటన్నర, బాటసారి కనుమలో అడుగు వేయకుండా నిలబడ్డ సమయం. దాన్ని తీసేయాలని యంత్రానికి తెలియదు. తెలిసినా తీసేయకూడదని నా అభిప్రాయం.

కాసేపటికి కరెంటు పోయింది. సులోచన చీకట్లోనే నన్ను లాగి మేకుకు తగిలించింది.

పోశంకు మెమో వచ్చింది. ఆదివారం పనికి రెట్టింపు కూలి ఉంటుంది, దాన్ని బాయిలో ప్లే డే అంటారు. రెండు నెలలు అతనికి ప్లే డే ఇవ్వలేదు. శిక్ష వేసినవాళ్ళు అతనికి ఎనిమిది ఆదివారాల తీరిక ఇచ్చారని గమనించినట్టు లేదు. ఆ తర్వాత కూడా అతను శనివారాలు వచ్చాడు. వేరే ఆట పెట్టలేదు. చివరి దీపం దగ్గర మొదలుపెట్టి, అరగంట ఒడ్డు వెంట నడిచి వెళ్ళిపోయేవాడు. అప్పుడప్పుడు మొండయ్య వెనక నిలబడేవాడు.

ఆ బాయి మూతపడి ఆరేళ్ళయింది. షాపు అంతకు ముందే మూతపడింది. యంత్రాలు కొనడానికి వచ్చినవాడు నన్నూ అడిగాడు. లోపలున్నవి చెరిపేస్తే పనికొస్తానని చెప్పాడు. సులోచన ఇవ్వనంది.

ఇప్పుడు ఆ షాపు బియ్యం బస్తాలు పెట్టుకునే గది. గోడకు మేకు ఉంది, మేకుకు నేనున్నాను. ఆమె భర్త రోజూ తలుపు వేసే ముందు ఒకసారి మేకును తడిమి చూస్తాడు. ల్యాంపు రూము అలవాటు. మేకు ఖాళీగా లేదు. తలుపు వేసుకుని వెళ్ళిపోతాడు.