మూడో అంతస్తుకు రెండు టికెట్లు

సెలవు అడగాలి. రైల్లో కింది బెర్తులు రెండు పట్టాలి. నాన్న మోకాళ్లకు పట్టీలు కొనాలి. ఆయన గుర్తింపు కార్డు వెతకాలి. బీరువాలోనే ఉందని అమ్మ, లేదని నాన్న. రాతిమేడ మూడో అంతస్తుకు రెండు టికెట్లు సంపాదించాలి. అమ్మను ఒప్పించాలి. టికెట్లు చేతికొచ్చేదాకా సంగతి నాన్న చెవిన పడకుండా చూడాలి.

ఈ ఏడు పనుల్లో చివరిది మొదటి రోజే చెడింది. అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు.

"రాతిమేడకా?" అన్నాడు మేస్త్రి, అప్పుడే చెప్పులు వెతుక్కుంటూ.

"ఇవాళ కాదు నాన్నా. ముందు కూర్చో."

ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి కాబట్టి కూతురిని అందరూ కలెక్టరు అనేవారు. నిజానికి ఆమెది కట్టుబడి సామాను పరీక్షించే ల్యాబులో చిన్న ఉద్యోగం. కాంక్రీటు దిమ్మెల్ని యంత్రంలో పెట్టి, ఎంత బరువుకు పగులుతాయో రాసుకోవాలి. "నేను నలభై ఏళ్లు రాయి మీద రాయి నిలబెట్టి తిన్నాను, మా కలెక్టరు పగలగొట్టి తింటోంది" అని మేస్త్రి కనబడిన వాళ్లందరికీ చెప్పుకునేవాడు.

రాతిమేడ బొమ్మ చూడని బడిపిల్లలు ఉండరు. ఎన్ని వందల ఏళ్ల నాటిదో పండితులకే ఒక మాట కుదరలేదు. దాని మూడో అంతస్తులో పెద్ద కమాను ఒకటి ఉంది. సున్నం లేదు, ఇనుప చీల లేదు, రాయికీ రాయికీ మధ్య వెంట్రుక కూడా దూరదని అంటారు. తోటి పనివాళ్లు ఆ మాట ఎత్తినప్పుడల్లా మేస్త్రి గొడవకు దిగేవాడు. "అంత వెడల్పు కమానులో ఎక్కడో ఒకచోట చెయ్యి తప్పి తీరుతుంది. కళ్లారా చూడకుండా నమ్మను, తేల్చుకోకుండా చావను."

ఆ మూడో అంతస్తును ఈ నెలాఖరున మరమ్మతులకు మూసేస్తున్నారు. మళ్లీ తెరిచేది ఆరేళ్లకు. మేస్త్రికి డెబ్బై ఒకటి. మోకాళ్లు రెండూ అరిగాయి. ఇప్పుడు ఎక్కకపోతే ఇక ఎక్కేది లేదని ఇంట్లో అందరికీ తెలుసు, పైకి అనేవాళ్లే లేరు.

"ఆయనకి మోకాళ్లు లేవు, నీకు బుర్ర లేదు. ఇద్దరూ కలిసి ఎక్కండి" అంది అమ్మ. ఆమె ఒప్పుకోవడమంటే అదే.

టికెట్లు దళారుల పాలు కాకుండా కొత్త పద్ధతి పెట్టారు. ముందు సేవా కేంద్రంలో వేలిముద్ర వేసి నమోదు చేసుకోవాలి, ఆ తర్వాతే ఫోన్లో టికెట్ కొనాలి. కలెక్టరు ముద్ర తాకీ తాకగానే పడింది. మేస్త్రి పది వేళ్లూ పెట్టి చూస్తే రెండు వేళ్లు మాత్రం సగం సగం పడ్డాయి. నలభై ఏళ్లు రాయి పట్టిన చేతులవి.

"చేతులు బాగా శుభ్రం చేసుకుని రేపు రండి తాతగారూ, ప్రయత్నిద్దాం" అంది కేంద్రంలో అమ్మాయి.

మేస్త్రి ఆ మాటను మనసుకు పట్టించుకున్నాడు. సాయంత్రం పెరట్లో కూర్చుని, నీళ్లు చల్లుకుంటూ, ఉలులు నూరే సానరాయి మీద పది వేళ్లూ ఓపిగ్గా రుద్దాడు. పని అప్పగించే ముందు రాయిని నునుపు తేల్చకపోతే ఏ మేస్త్రికీ మనసొప్పదు. మర్నాడు అద్దంలా మెరుస్తున్న వేళ్లు చాచాడు. ఈసారి ఆ రెండు ముద్రలు కూడా పడలేదు.

"శుభ్రంగానే ఉన్నాయి కదమ్మా?"

"శుభ్రంగానే ఉన్నాయి తాతగారూ. వాటిలో మీరే లేరు."

చర్మం మళ్లీ రావడానికి నెల పడుతుందట. గడువు పన్నెండు రోజులే. మేస్త్రి ఇంటిదారి పట్టాడు. గుమ్మం దగ్గర, "పోనీలేవే. ఫోటోలో చూశాంగా" అన్నాడు.

ఆ 'పోనీలే' కలెక్టరుకు ములుకులా గుచ్చుకుంది. బుద్ధి తెలిశాక ఆయన నోట ఆ మాట వినలేదు. వంకర గోడను కూడా ఆయన పోనిచ్చేవాడు కాదు. ఆమె నిబంధనల పుస్తకం ఫోన్లోకి దించుకుని ముప్పై ఎనిమిది పేజీలూ చదివింది. ముప్పై ఒకటో పేజీలో దారి దొరికింది. రోజూ ఎనిమిది గంటలకు తూర్పు వాకిలి కిటికీ దగ్గర పది టికెట్లు అమ్ముతారు. ముద్ర పడనివాళ్లకు బంధువు కాని ఒక సాక్షి సంతకం చాలు. సెలవుకూ రైలుకూ కుదిరింది మాత్రం ఆఖరి రోజే.

"అక్కడిదాకా వెళ్లాక దొరక్కపోతే?" అంది అమ్మ.

"దొరకలేదని అక్కడే తెలుసుకుంటాం."

ఆఖరి రోజు తెల్లవారేసరికి తండ్రీకూతుళ్లు కిటికీ ముందు వరసలో ఉన్నారు. ముందు ఎనిమిది మంది. వీళ్లు తొమ్మిది, పది. వీళ్ల వెనక ఒకావిడ వచ్చి తలలు లెక్కపెట్టింది.

"పదకొండు. నా మొహానికి మూడు రోజులుగా ఇదే అంకె" అంది. ఆవిడ బడి బస్సు నడుపుతుంది. "పదకొండేళ్లుగా పిల్లల్ని ఇక్కడికి తెస్తున్నా. వాళ్లు పైకెళ్తారు, నేను బస్సుకి కాపలా. సెలవు పెట్టి మరీ వస్తున్నా. మీలో ఎవరికైనా కడుపునొప్పి వస్తే నాకు చెప్పండి."

"మా ఇంట్లో కడుపునొప్పులు లేవమ్మా, మోకాళ్ల నొప్పులే" అన్నాడు మేస్త్రి.

"అవి నాకు పనికిరావు బాబాయ్."

పదీ నిండాయని చూసుకుని, ఆ తర్వాత వచ్చినవాళ్లు వచ్చినట్టే వెనుదిరిగారు. ఆవిడ కదల్లేదు. ఎనిమిదింటికి కిటికీ తెరిచారు. ఎనిమిది మంది టికెట్లు తీసుకుని లోపలికి పోయారు. కలెక్టరు టికెట్ వచ్చింది. మేస్త్రి వేలు పెట్టాడు. ఎర్ర దీపం. మళ్లీ పెట్టాడు. ఎర్ర దీపమే.

కలెక్టరు ముప్పై ఒకటో పేజీ కిటికీలోంచి అందించింది. గుమాస్తా కింద ఉన్న చిన్న అక్షరాల మీద వేలు పెట్టాడు.

"సాక్షి ఇవాళ టికెట్ కొన్నవాళ్లు కాకూడదమ్మా. సాక్షి ఇవాళ పైకి వెళ్లకూడదు కూడా. దళారులు ఒకళ్లకొకళ్లు సంతకాలు చేసుకోకుండా పెట్టిన నిబంధన. పది నిమిషాల్లో కిటికీ మూసేస్తాను. సాక్షి లేకపోతే టికెట్ వెనకావిడకి పోతుంది."

వరసలో మిగిలింది ఆవిడ ఒక్కతే, వాకిలి ముందు మరో మనిషి లేడు. కలెక్టరు వెనక్కి తిరిగింది. అడగాల్సిన మాట ఎంత పెద్దదో తెలిసే అడిగింది.

"అక్కా, మీరు సంతకం పెడితే మా నాన్న పైకి వెళ్తాడు. మీరు వెళ్లలేరు. పెట్టకపోతే టికెట్ మీదే, న్యాయంగా. నా టికెట్ మీకిద్దామన్నా కుదరనివ్వరు. అయినా అడుగుతున్నాను."

"అడక్కే" అన్నాడు మేస్త్రి. "ఆవిడ వంతు అది."

"నువ్వుండు నాన్నా."

ఆవిడ మేస్త్రి చేతులు పట్టుకుని బొటనవేళ్లు తిప్పి చూసింది. "ఏం చేశావు బాబాయ్ వీటిని?"

"శుభ్రం చేశా."

ఆవిడ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి మేడ వైపు చాలాసేపు చూసింది. గుమాస్తా గడియారం చూసుకున్నాడు.

"ఒక్క క్షణం ఆగండి, నా రాతని తిట్టుకోనివ్వండి" అంది. పెదవులు కదిలాయి. తర్వాత కిటికీ దగ్గరకొచ్చి కాగితం లాక్కుని సంతకం పెట్టేసింది. "వెళ్లండి, వెళ్లండి. మళ్లీ బుద్ధి మారుతుంది. సెలవు ఎలాగూ పెట్టా, ఇంటికెళ్లి పడుకుంటా."

నూట పన్నెండు మెట్లు. మేస్త్రి అరవయ్యో మెట్టు మీద ఒకసారి, తొంభయ్యో మెట్టు మీద ఒకసారి కూర్చున్నాడు. పైకెక్కాక కమాను కింద మెడ వెనక్కి వాల్చి, అరగంట ఒక్కో రాయినీ చూశాడు. ఎడమవైపు నాలుగో అతుకు దగ్గర ఆగాడు.

"అదిగో."

రెండు పెద్ద రాళ్ల మధ్య గోరంత పలుచని రాతి పలక ఒకటి దిగేసి ఉంది. ఎత్తి చూపితే తప్ప కలెక్టరుకు కనబడలేదు.

"రాయి కురచగా కోశాడు. పారేయలేదు, సన్నపలక దిగ్గొట్టి సరిచేశాడు. నేనైనా అదే చేసేవాణ్ణి." మేస్త్రి కళ్లు తుడుచుకున్నాడు. "మన మనిషేనే."

కిందికి దిగేసరికి వాకిలి దగ్గర ఆవిడ లేదు. పేరు చెప్పమంటే గుమాస్తా చెప్పకూడదన్నాడు. తండ్రీకూతుళ్లు చుట్టుపక్కల వీధులన్నీ వెతికారు, కనబడిన బస్సు డ్రైవర్లందరినీ అడిగారు. దొరకలేదు.

ఆరేళ్లకు ఆ అంతస్తు తెరుస్తారు. అప్పటికి మీలో ఎవరో ఒకరు టికెట్ కొని ఆ మెట్లెక్కుతారు. కమాను చూడండి, ఎడమవైపు నాలుగో అతుకు చూడండి. చూశాక కిందికి తొంగిచూస్తే బడి బస్సులు ఆగే చోటు కనబడుతుంది. పదకొండేళ్లు అక్కడ కాపలా ఉండి, తన వంతు వచ్చిన రోజున ఒక ముసలి మేస్త్రికి సంతకం పెట్టి వెళ్లిపోయిన ఆవిడను ఒక్కసారి తలుచుకోండి.