వద్దంటే నీళ్లు

డేకేర్ గేటు దగ్గర ఆయమ్మ మళ్లీ సంచి చేతిలో పెట్టింది. ముడి విప్పక్కర్లేదు, బరువు చూస్తేనే వెల్డరుకి తెలిసిపోయింది. తడి బట్టలు. పొద్దున పెట్టి పంపిన జతలన్నీ తడిసి తిరిగొచ్చాయి. కూతురు ఎవరి పిల్లవాడిదో వదులు లాగు తొడుక్కుని, అది జారిపోకుండా పిడికిలితో పట్టుకుని నిలబడింది.

ఆయమ్మ వెనకే పెద్దావిడ వచ్చింది. ఆ డేకేర్ ఆవిడదే. అతనికి అర్థం కావాలని మాటకీ మాటకీ మధ్య ఆగి ఆగి చెప్పింది. పిల్ల ఏమీ తినదు, రోజంతా బట్టలు తడుపుతుంది, శుక్రవారం దాకా చూస్తాను, ఆ తర్వాత ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాను. బయట ఎంతమంది కాచుకుని ఉన్నారో తెలుసుగా అంది.

తెలియకేం! మొన్నటిదాకా ఆ కాచుకున్నవాళ్లలో వీళ్లూ ఉన్నవాళ్లే.

ఈ దేశం వచ్చిన కొత్తలో పిల్లని ఎక్కడ వదలాలో తెలియక మొగుడూ పెళ్లాం కాళ్లరిగేలా తిరిగారు. భార్య ఆసుపత్రిలో నర్సు. ఆమె ఉద్యోగం పట్టుకునే ముగ్గురూ ఇక్కడికి వచ్చారు. అది పోతే ముగ్గురూ సామాన్లు సర్దుకోవాల్సిందే. అతను ఊరి చివర షెడ్డులో వెల్డింగు పని చేస్తాడు. ఇద్దరివీ పగటి డ్యూటీలే. పై అంతస్తులో ఒకావిడ పిల్లల్ని చూసుకుంటానంటే వదిలారు. ఆవిడ పిల్లని టీవీ ముందు కూలేసి తను గుర్రుపెట్టేది. ఇంటికొచ్చి చూసే మనిషిని అడిగితే వెల్డరు జీతం కన్నా ఎక్కువ చెప్పింది. ఆసుపత్రిలోనే ఒక పిల్లల గది ఉందిగానీ, అది పాత ఉద్యోగులకేనట. తల ప్రాణం తోకకొచ్చాక దొరికింది ఈ డేకేర్. ఇప్పుడిది కూడా పోతే ఎవరో ఒకరు పని మానాలి. ఎవరన్నది ఇద్దరూ పైకి అనలేదు, ఇద్దరికీ తెలుసు.

"ఏమందావిడ?" అంది భార్య ఇంటికి రాగానే, యూనిఫాం అయినా మార్చుకోకుండా.

"శుక్రవారం దాకా అంది."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? తలాడించాను."

"అదొకటి వచ్చు మీకు. నా మీదైతే గొంతు ఇంటి కప్పు దాకా లేస్తుంది."

"నీకు భాష వచ్చుగా, నువ్వెళ్లి అడగరాదూ?"

"వెళ్తా. వార్డులో సూదులు మీరు పొడుస్తారా మరి?"

"పొడుస్తాను. ఇనుము అతికించేవాణ్ణి, తోలుకి జంకుతానా!"

ఇంకో రోజైతే ఆమె నవ్వేదే. తడి బట్టలు బకెట్లో గుమ్మరించి, "ఇంట్లో ఉంటే చుక్క పడదు. అక్కడే ఎందుకిలా? ఒక్క పూట కూర్చుని చూసి రండి" అంది.

"మేస్త్రి ఒప్పుకోవాలిగా."

"అడక్కముందే నీళ్లు నమలకండి."

మేస్త్రిని అడిగాడు. ఆ మహానుభావుడు చేతిలో కప్పు కింద పెట్టకుండానే, నీ పిల్లని నువ్వు చూసుకో, నీ పని ఇంకొకడు చూసుకుంటాడు అన్నాడు. చివరికి ఒక్క పూటకి వదిలాడు.

డేకేరులో అతనికి పిల్లల కుర్చీ వేశారు. మోకాళ్లు గడ్డానికి తగిలేలా మూల ముడుచుకుని కూర్చున్నాడు. ఆయమ్మ మంచిదే. ఏడ్చేవాణ్ణి చంకనేసుకుని, ఇంకొకడి ముక్కు తుడుస్తూ తిరుగుతోంది. రొట్టెముక్కలున్న పళ్లెం తెచ్చి అతని కూతురి ముందు పెట్టింది.

"వద్దు" అంది పిల్ల.

ఆయమ్మ మొహం వెలిగిపోయింది. గబగబా వెళ్లి కప్పు నిండా నీళ్లు తెచ్చి నోటికందించింది. పిల్ల ఆవిడ వైపు బిక్కమొహం వేసి చూసి, తాగేసింది.

ఉడికించిన దుంప పెట్టింది. "వద్దు." మళ్లీ నీళ్లు. బొమ్మ ఇచ్చింది. "వద్దు." మళ్లీ నీళ్లు. 

అప్పుడు వెలిగింది వెల్డరుకి. ఇక్కడివాళ్లు నీళ్లని అదే మాటతో పిలుస్తారు. ఇనుము చల్లార్చడానికి బకెట్ కావాలంటే షెడ్డులో రోజూ ఆ మాటే అరుస్తారు. రోజూ వింటూ కూడా తట్టలేదు! ముందు నవ్వొచ్చింది, వెనకే కడుపు మండిపోయింది. పిల్ల వద్దు మొర్రో అంటుంటే కడవలకి కడవలు తాగిస్తున్నారు. ఇక తిండెక్కడ పడుతుంది, బట్టలెందుకు ఆరతాయి?

లేచాడు. చెప్పాలి. ఎలా? వింటే కాస్త అర్థమవుతుందిగానీ, అతని నోటికి వచ్చిన భాషంతా షెడ్డు భాష. ఆపు, ఎత్తు, వంకర, కాలుద్ది, ఇవే.

"ఆపు! నీళ్లు ఆపు! ట్యాంకు నిండింది!" అని పిల్ల పొట్ట చూపించాడు. ఆయమ్మ బిత్తరపోయింది. ఇంకా గట్టిగా చెబుదామని, "కాలుద్ది!" అన్నాడు. ఆవిడ పరిగెత్తుకొచ్చి, జ్వరమేమోనని పిల్ల నుదురు పట్టుకు చూసింది.

చివరికి పళ్లెం ఆవిడ చేతికిచ్చి, తనకి పెట్టమని సైగ చేశాడు. ఆవిడ పెట్టింది. "వద్దు" అని మొహం తిప్పుకున్నాడు. మళ్లీ పెట్టింది. "వద్దంటే వద్దు!" అని పళ్లెం తోసేశాడు. ఆయమ్మ ఒక్క క్షణం చూసి నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. పాపం, పిల్ల తమ భాషలో మొదటి మాట నేర్చుకుందని ఇన్నాళ్లూ మురిసిపోయిందట.

ఆవిడ కప్పు తీసేసింది. తీసేయగానే పిల్ల దాని వైపు చేతులు చాచి, "వద్దు! వద్దు!" అని ఇల్లెగిరిపోయేలా ఏడుపు అందుకుంది. ఈ గదిలో వద్దంటే నీళ్లేనని అది నేర్చేసుకుంది మరి. ఇప్పుడేం చెయ్యను అన్నట్టు ఆయమ్మ అతని వైపు చూసింది. అతనికి మాత్రం ఏం తెలుసు!

ఏడుపు విని పెద్దావిడ వచ్చింది. నువ్వొచ్చాక ఇంకా ఎక్కువైంది అంది. అతనికి తిట్లు గొంతు దాకా వచ్చాయిగానీ అన్నీ తెలుగులోనే వచ్చాయి. మింగేశాడు. ఆయమ్మే అడ్డొచ్చి జరిగింది చెప్పింది. పెద్దావిడ విని, తప్పు మాదేలే అంది. అలాగని చోటు ఖాయం చెయ్యలేదు. పిల్ల తనకేం కావాలో మా మాటల్లో చెప్పేదాకా పొద్దుటిపూట తల్లో తండ్రో పక్కన కూర్చోవాలి, లేకపోతే శుక్రవారం శుక్రవారమే అంది. తప్పు వాళ్లది, కూర్చోవడం వీళ్ల వంతు!

వరండాలోకి వచ్చి మేస్త్రికి ఫోన్ చేసి, ఇక మధ్యాహ్నాలే రాగలనన్నాడు.

"వెల్డింగు కావాలంటే పొద్దున్నే రావాలి. మధ్యాహ్నం వస్తే తుక్కు ఎత్తి షెడ్డు ఊడవాలి. ఇష్టమేనా?"

మీసాలు రాని వయసులో పట్టిన పని అది. వంక పెట్టనివ్వకుండా అతికించే చెయ్యి. వార్డులో నిలబడి ఉన్న భార్య గుర్తొచ్చింది. ఆమెని అడిగితే ఏమంటుందో తెలుసు. అడగలేదు. "సరే" అన్నాడు.

మర్నాడు పొద్దున తండ్రీ కూతురూ పక్కపక్కన కూర్చున్నారు. అక్కర్లేదు అనడానికి వాళ్ల మాటేమిటో ఆయమ్మ నేర్పింది. అతని నాలుక ఆ మాట చుట్టూ తిరిగి తిరిగి అలిసిపోయింది. పిల్ల తడుముకోకుండా అనేసింది. ఆయమ్మ చప్పట్లు కొట్టింది. ఇక పట్టుకుంది పిల్ల. దుంప పెడితే ఆ మాట, దుప్పటి కప్పితే ఆ మాట. రొట్టె మాత్రం తింది. మధ్యాహ్నం దాకా బట్టలు పొడిగానే ఉన్నాయి. పెద్దావిడ తొంగిచూసి, తలూపి వెళ్లిపోయింది.

అతను షెడ్డుకి బయలుదేరే వేళైంది.

"నాన్న పనికెళ్లొస్తాడమ్మా. ఏదీ, ఒక ముద్దియ్యి" అని చెంప చూపించాడు.

పిల్ల బొమ్మ మీంచి తలెత్తకుండా ఆ కొత్త మాట అనేసింది.

ఆయమ్మ సర్దిచెప్పబోయింది. ఉండనివ్వు అన్నట్టు చెయ్యి ఊపి, అతను చీపురు పట్టడానికి బస్సెక్కాడు.