మాస్కు వదులైంది

పాలు కాచాలి. మామగారికి ఇడ్లీ, మా ఆయనకి దోసె, పిల్లకి రెండు జడలు. బట్టలు నానబెట్టాలి. అత్తగారి మోకాళ్లకి నూనె రాయాలి. పరుగున ఆసుపత్రికి చేరి మిషన్ ఆన్ చెయ్యాలి, నీళ్ల తొట్టి వేడెక్కించాలి, ఎవరి మాస్కు వాళ్లకి తీసిపెట్టాలి. మధ్యలో గుమ్మం దగ్గర మా ఆయన మాట వినాలి: "మీట నొక్కే ఉద్యోగానికి ఇంత హడావుడేంటే?"

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. రాజమండ్రిలో ఈ ఆసుపత్రికి మెదడు గడ్డలకి రేడియేషన్ ఇచ్చే కొత్త మిషన్ వచ్చినప్పుడు నన్ను తీసుకున్నారు. తల ఏ కాస్త కదిలినా కిరణం గడ్డని వదిలి పక్కన పడుతుంది. అందుకని వేడినీళ్లలో మెత్తబడ్డ ప్లాస్టిక్ జాలీని మొహం మీద పరిచి, ముక్కూ గడ్డం అచ్చు పడేదాకా ఒత్తి పట్టుకుంటాం. చల్లారితే బిగుసుకుంటుంది. రోజూ దాన్నే తొడిగి తలని బల్లకి బిగిస్తాం.

మొగల్తూరు నుంచి వచ్చిన రత్నమాణిక్యానికి గడ్డ కంటి నరం పక్కనే ఉంది. శుక్రవారం మాస్కు చేసినప్పుడు ఒత్తయిన జుట్టు. సోమవారానికి నున్నటి గుండు.

"చిన్నతిరుపతిలో తలనీలాలు ఇప్పించేశామండి. మా అమ్మగారు మొక్కుకున్నారు," అన్నారు ఆవిడ భర్త వెంకటరామరాజుగారు.

మొక్కు అత్తగారిది, జుట్టు కోడలిది. ఆవిడని అడిగారా అన్నాను. "అడిగేదేముందండీ, ఆవిడ మంచికేగా!"

జుట్టు పోయేసరికి మాస్కు వదులైపోయింది. కొత్తది చేసి మళ్లీ స్కాన్ తియ్యాలని డాక్టరుగారికి చెప్పాను.

"సందులో గుడ్డ దోపి కానివ్వమ్మా. లేకపోతే వైద్యం వారం వెనక్కి పోతుంది," అన్నారాయన.

"ఆయ్, కానిచ్చేయండి. అవతల రొయ్యల చెరువు మీద మనిషి లేడు," అన్నారు రాజుగారు.

గుడ్డ దోపాను. "ఇబ్బందైతే చెయ్యెత్తండి," అని అందరికీ చెప్పే మాటే ఆవిడకీ చెప్పి, తలుపు మూసి బయట, లోపలి గది కనిపించే టీవీ ముందు కూర్చున్నాను. డాక్టరుగారూ రాజుగారూ నా వెనకే నిలబడ్డారు. మీట మీద వేలు పెట్టానో లేదో, తెర మీద చెయ్యి లేచింది.

"భయమండి ఆవిడకి. ఇంట్లో నోరెత్తి ఎరగదు," రాజుగారు నవ్వారు.

"నొక్కమ్మా," అన్నారు డాక్టరుగారు.

చెయ్యి దిగలేదు. గాజులు మోచేతి దాకా జారినా దిగలేదు.

లోపలికి వెళ్లి మాస్కు విప్పాను. "శుక్రవారం బుగ్గలకి అంటుకుందండి. ఇవాళ తల లోపల తిరుగుతోంది," అంది రత్నమాణిక్యం. "ఆ కిరణం కంట్లో పడితే? కళ్లు పోయినా వాళ్లకి వండాల్సింది నేనే కదండీ!"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ తల మీద మొక్కుకోడానికి అత్తగారికి హక్కుంది, గొరిగించడానికి మొగుడికి హక్కుంది, గుడ్డ దోపడానికి మాకు హక్కుంది. మోసేది మాత్రం ఆవిడ. పొద్దున్న నూనె వాసన ఇంకా వదలని నా చేతులు చూసుకుంటే ఆ మంట రెట్టింపైంది.

మాస్కు తీసుకెళ్లి వేడినీళ్ల తొట్టిలో పడేశాను. ముక్కు పోయింది, గడ్డం పోయింది, చూస్తుండగానే చదును రేకైపోయింది.

"ఏంటమ్మా ఆ పని!" డాక్టరుగారు అరిచారు.

"నేను నొక్కనండి," అన్నాను. ఇక ఎవరు నొక్కుదామన్నా మాస్కు లేదు.

మర్నాడు కొత్త మాస్కు చేశాం. నాకు మెమో ఇచ్చారు. మా ఆయన నవ్వుతూ, "మీట నొక్కడం కూడా రాలేదా?" అన్నాడు. నొక్కకపోవడమే నా ఉద్యోగం అని చెప్పి, ఆ పూట ఎవరి కాళ్లకీ నూనె రాయకుండా పడుకున్నాను.

మీరు రత్నమాణిక్యం పేరు గుర్తుపెట్టుకోండి. తల బల్లకి బిగించేశాక, చుట్టూ ఉన్నవాళ్లం నొక్కమని ఒకరూ నవ్వుతూ ఒకరూ నిలబడి ఉండగా, ఆవిడ చెయ్యెత్తింది. దించలేదు.