ఒంటికాలి పరీక్ష

మొండివాళ్ళు లోకంలో చాలామందే ఉంటారు గానీ, ఈ అన్నయ్యంత మొండివాడు మాత్రం ఇంకోడు ఉండడు. హోటళ్ళ దుప్పట్లు ఉతికి పంపే లాండ్రీలో ఇతనికి పని. అక్కడ అందరూ ‘ఇస్త్రీ’ అనే పిలుస్తారు. పగలంతా ఆవిరి మిషను ముందు నిలబడతాడు. తెల్లారగానే చెల్లెలితో కలిసి పరిగెడతాడు. చెల్లెలికి పుట్టుకతోనే చూపు లేదు. ఓ పెద్ద ఆఫీసులో ఫోన్లెత్తి, ఎవరికి ఎవరు కావాలో కలిపే ఉద్యోగం ఆమెది. మూడో అంతస్తులో రెండు గదులు, ఆ ఇద్దరే మనుషులు.

చూపు లేని మనిషి పరిగెత్తడమేమిటని మొదట్లో వీధివాళ్ళంతా బుగ్గలు నొక్కుకున్నారు. తీరా చూశాక నోరెళ్ళబెట్టారు. ఓ బూటు లేసు ముక్క, దాని రెండు కొసలకీ రెండు ముడులు. ఒక ముడి ఆమె చేతిలో, ఇంకోటి అన్న చేతిలో. భుజాలు రాసుకుంటూ, అడుగులో అడుగు కలిపి పరిగెత్తుతారు. “ఎడమ మలుపు,” “గుంట,” “కుక్క, ఏం చెయ్యదులే,” అని ముందుగా చెప్పడం అన్న వంతు. మిగతాదంతా ఆమె చూసుకుంటుంది. అన్న అడుగు ఏమాత్రం తేడాగా పడినా ఆమె చెవికి ఇట్టే తెలిసిపోతుంది.

అలా తెలిసిందే ఓ రోజు. “అన్నయ్యా, నీ ఎడమ కాలు నేలను సరిగ్గా తాకట్లేదు,” అంది.

“కొత్త బూట్లే తల్లీ, ఇంకా అలవాటు కాలేదు,” అన్నాడు. ఎంత అబద్ధం! పాదం పైభాగంలో ఒక చోట అప్పటికే నెలరోజులుగా సలుపుతోంది. పరుగు మొదలెట్టగానే నొప్పి, కాసేపటికి మాయం, ఇంటికొచ్చి కూర్చుంటే మళ్ళీ పోటు. వేడినీళ్ళలో పెట్టాడు, గుడ్డ చుట్టాడు, లేసులు వదులు చేశాడు. డాక్టరు దగ్గరికి మాత్రం పోలేదు. ఎందుకు పోతాడు? వానాకాలం వెళ్ళగానే చూపులేనివాళ్ళ జట్టు ఎంపిక పరుగు ఉంది. అందులో మొదట వచ్చిన అమ్మాయి విదేశాల్లో జరిగే పోటీకి పోతుంది. మళ్ళీ అలాంటి పరుగు నాలుగేళ్ళ దాకా రాదు. అప్పటికి ఆమెకి నలభై దగ్గర పడతాయి. ఆమె చిన్నప్పట్నించీ కోరుకున్నది ఇదొక్కటే, అతనికి తెలుసు.

చివరికి ఓ పొద్దున మెట్లు దిగుతూ రెయిలింగ్ పట్టుకుని కూలబడ్డాక, చెల్లెలే రెక్క పుచ్చుకుని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి పెదవి విరిచింది, స్కానింగ్ తీయించింది. “పాదం మధ్యలో పడవలాంటి చిన్న ఎముక ఉంటుంది. దానికి వెంట్రుకవాసి పగులు వచ్చింది. ఆ ఎముక నడిమధ్యకి రక్తం సరిగ్గా అందదు, అందుకే మానడానికి చాలా టైం పడుతుంది. ఈ కాలు నేలమీద మోపకూడదు. అస్సలు మోపకూడదు. చంకకర్రలు, ఈ బూటు, అంతే,” అంది.

“ఎంపిక పరుగు నాటికి తగ్గుతుందా అండీ?” చెల్లెలు అడిగింది.

“బుద్ధిగా ఉంటే తగ్గొచ్చు. మాట మాత్రం ఇవ్వలేను.”

బుద్ధిగా ఉంటే! ఆ ఒక్కటే కదా ఈ మనిషికి చేతకానిది.

మోకాలిదాకా వచ్చే ప్లాస్టిక్ బూటు తగిలించారు. లాండ్రీలో నిలబడే పని తీసేసి, స్టూలు మీద కూర్చోబెట్టి దిండు గలీబులు మడతపెట్టమన్నారు. పక్కన మిషన్లు బుసకొడుతుంటే ముసలమ్మలా కూర్చుని గలీబులు మడతపెట్టడం అతనికి తలకొట్టేసినట్టుండేది. పైగా వచ్చేపోయే ప్రతివాడూ, “ఏం ఇస్త్రీ, ఎప్పుడు పరిగెడతావ్?” అనడమే.

పార్కులో పరిగెత్తేవాళ్ళు చెప్పుకునే మాట ఒకటుంది. దెబ్బతిన్న కాలి మీద ఒంటికాలితో గెంతి చూడాలి, నొప్పి రాకపోతే మానినట్టే, ఇక పరిగెత్తొచ్చు. మాట తప్పేం కాదు, డాక్టర్లూ ఆ పరీక్ష చేయిస్తారు. కాకపోతే ఎముక అతుక్కున్నాక, ఆఖర్లో, ఒక్కసారి. ఈ మహానుభావుడు మాత్రం దాన్ని పళ్ళు తోముకోవడంలా రోజూ చేశాడు. పొద్దున్నే స్నానాల గదిలోకి పోయి, గడియ పెట్టి, బూటు విప్పి, చెల్లెలికి వినపడకుండా కుళాయి బార్లా తిప్పి, సింకు అంచు పట్టుకుని గెంతేవాడు. నొప్పి వస్తే, “ఇంకా మానలేదు, రేపు చూద్దాం,” అనుకునేవాడు. రాకపోతే, “సరిగ్గా చూశానా లేదా,” అని మళ్ళీ గెంతేవాడు. విత్తనం మొలకెత్తిందా లేదా అని రోజూ తవ్వి చూసేవాడికి మొక్కెక్కడ మిగులుతుంది? ఆ చిన్న ముక్క బుర్రకెక్కలేదు. కాలు ఎలా ఉందో తెలియకుండా ఒక రోజు గడపడం అతనివల్ల కాలేదు, అదీ సంగతి.

కుళాయి చప్పుడుకి వినపడదనుకోవడం ఇంకో తెలివి. చెల్లెలి చెవులంటే ఏమనుకున్నాడు?

“అన్నయ్యా, ఇవాళ గెంతులు బాగున్నాయే,” అంది ఓ పొద్దున, టీ అందిస్తూ. ముఖం వెలిగిపోతోంది.

అతను టీ గ్లాసు అందుకోబోయి ఆగాడు. “వినపడిందా?”

“రోజూ వింటున్నాగా. వ్యాయామమా? డాక్టరమ్మ చెప్పిందా?”

లేదని ఒక్క మాట అంటే సరిపోయేది. నాలుక్కి ఏమొచ్చిందో మరి. “ఆఁ, ఫోన్‌లో ఆవిడే చెప్పింది,” అన్నాడు.

ఆ రోజు నుంచి అతను గెంతే వేళకి చెల్లెలు పక్కగదిలో చేసే పని ఆపి వినేది. చప్పుడు గట్టిగా ఉంటే ఆ పూటంతా ఆమె నోట పాట ఆగేది కాదు. ఆ పాట కోసం అతను మర్నాడు ఇంకాస్త గట్టిగా గెంతేవాడు.

అంతలో చెల్లెలికి పరుగు నేర్పే కోచ్‌గారు ఫోన్ చేశాడు. పరుగుకి పేర్లు ఇవ్వాల్సిన గడువు దగ్గర పడింది, పక్కన పరిగెత్తే మనిషి పేరూ ఇవ్వాలి. “ఓ పోస్ట్‌మాన్ ఉన్నాడమ్మా. మంచి వేగం, మంచి మనిషి. మీ అన్న కాలు కుదరకపోతే అతనితో ఇప్పట్నించే అడుగు కలుపుకో. వేరే ఊరి అమ్మాయి ఒకరు అతన్ని అడుగుతున్నారు, నీకోసం ఆపి ఉంచాను,” అన్నాడు.

“అక్కర్లేదు సార్. మా అన్నయ్య కాలు రోజురోజుకీ గట్టిపడుతోంది. నా చెవులతో నేనే వింటున్నా,” అంది.

అన్న అక్కడే కూర్చున్నాడు, రెండు చేతుల దూరంలో. అతనికి ప్రతి మాటా వినపడింది. నోరు తెరిచాడు కూడా. కానీ ముందు రోజే నొప్పి లేకుండా గెంతాడాయె. నిజంగానే తగ్గుతోందేమో, ఇప్పుడు చెప్పి ఈ పిల్ల మనసెందుకు విరవడం అనుకుని, తెరిచిన నోరు మూసేశాడు. ఇలాంటి ప్రేమకి ఏం పేరు పెట్టాలో తెలీదు గానీ, కొంపలు ముంచేది మాత్రం ఇదే.

పేర్లు ఇచ్చే గడువు దాటిన తర్వాత ఓ పొద్దున, సింకు వదిలేసి గెంతాడు. పాదంలో ఎండుపుల్ల విరిచినట్టు టక్‌మంది. కుళాయి పారుతూనే ఉంది. అతను తడినేల మీద పడి, అరుపు రాకుండా తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

తలుపవతల చెల్లెలు, “అన్నయ్యా, అదేం చప్పుడు?” అంది. తలుపు బాదింది. “అన్నయ్యా, తలుపు తియ్యి. ఏం విరిగింది?”

డాక్టరమ్మ కొత్త స్కానింగు బొమ్మని వెలుతురుకి ఎత్తి చూసింది. “పగులు ఈ చివర్నించి ఆ చివరిదాకా పోయింది, ముక్క పక్కకి జరిగింది. ఆపరేషన్ చేసి స్క్రూ వెయ్యాలి. నడవగలుగుతారు. పరుగు సంగతి మర్చిపోండి,” అని, కళ్ళజోడు తీసి, “అసలేం చేశారు?” అంది.

“గెంతాను.”

“గెంతారా! ఎవరు గెంతమన్నారు మిమ్మల్ని?”

“మీరే కదండీ,” అంది చెల్లెలు. “రోజూ చేయిస్తున్నారు కదా, పొద్దున్నే.”

“నేనా? కాలు మోపితేనే ప్రమాదమన్నదాన్ని, గెంతమని చెప్తానా?”

గదిలో ఫ్యాను తిరుగుతోంది. చెల్లెలు ముఖం మెల్లగా అన్న వైపు తిప్పింది. ఆ ముఖంలో కోపం ఉండుంటే బతికిపోయేవాడు. కోపం లేదు. అతను తల దించుకున్నాడు, ఆమెకి కనపడదని తెలిసి కూడా.

ఇంటికి పోయే టాక్సీలో ఆమె కోచ్‌గారికి ఫోన్ చేసింది. పోస్ట్‌మాన్ ఎప్పుడో ఆ వేరే ఊరి అమ్మాయితో పేరిచ్చేశాడట. గడువు దాటింది, ఇంకెవరి పేరూ మార్చడం కుదరదట. “అలాగే సార్. పర్లేదు సార్,” అంది. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

“నన్ను తిట్టవే,” అన్నాడు అన్న. “నాలుగు తిట్టు, నీ కాళ్ళు పట్టుకుంటా.”

“ఏమని తిట్టను? నువ్వు గెంతుతుంటే నా కాలే బాగవుతున్నట్టు సంబరపడ్డాను,” అంది. “ప్రతి చప్పుడూ లెక్కపెట్టుకున్నానన్నయ్యా. అవన్నీ నీ ఎముక విరిగే చప్పుళ్ళని నాకేం తెలుసు?” అతనికి ఏడుపు ఆగలేదు. టాక్సీ అతను అద్దంలో చూసి, రేడియో కట్టేశాడు.

ఆపరేషన్ అయింది. వానలు వెళ్ళాయి. ఎంపిక పరుగు జరిగిన రోజు ఇంట్లో ఎవరూ దాని మాటెత్తలేదు. పోస్ట్‌మాన్ తీసుకెళ్ళిన అమ్మాయే మొదట వచ్చిందని లాండ్రీలో ఎవరో చెప్పారు. అన్న ఆ రోజు గలీబులన్నీ తిరగేసి మడతపెట్టాడు.

ఇంకో పొద్దున అతనికి మెలకువ వచ్చింది. చప్పుడు. టప్ టప్ టప్, ఎడమా కుడీ సమానంగా, ఎక్కడా తడబాటు లేకుండా. వీధిలో కాదు, పక్కగదిలో. చంకకర్రలు వేసుకుని వెళ్ళి తలుపు తోశాడు.

చెల్లెలు ఉన్నచోటే పరిగెత్తుతోంది. బూట్లు వేసుకుంది, జుట్టు బిగించి కట్టుకుంది. లేసు ముక్క ఒక కొస ఆమె చేతిలో ఉంది, ఇంకో కొస కిటికీ ఊచకి ముడేసి ఉంది. చెమట గడ్డం మీంచి కారుతోంది. అన్న వచ్చాడని ఆమెకి తెలుసు, కర్రల చప్పుడు వినపడకపోలేదు. ఆగలేదు.

అతను కిటికీ దగ్గరికి పోయాడు. ఊచ దగ్గర ముడి విప్పి, ఆ కొస తన చేతికి చుట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. లేసు బిగిసింది, వదులైంది, మళ్ళీ బిగిసింది. అలవాటుగా చేతిలోని ముడి నొక్కాడు. అలవాటుగానే నోట్లోంచి వచ్చేసింది: “ఎడమ మలుపు.”

చెల్లెలి అడుగు తప్పలేదు. “గదిలో మలుపెక్కడుందన్నయ్యా,” అంది, ఆయాసపడుతూ. “ఊరికే పట్టుకో.”

అతను పట్టుకున్నాడు.