మెట్ల మీద మాట

కుట్టుమిషన్ల హాల్లో కిటికీలన్నిటికీ మేకులు కొట్టేశారు. తెల్ల గుడ్డ మీద రోడ్డు దుమ్ము పడుతోందట. గుడ్డ మాయకూడదు, మనుషులకు గాలాడకపోయినా ఫర్వాలేదు. ఈ సంగతి మేనేజరుకు చెప్పి రమ్మని ఆడవాళ్ళంతా కాలరక్కను పంపారు. చొక్కాలకు కాలర్లు కుడుతుంది కాబట్టి ఆమెకు ఆ పేరు. కాస్త నోరున్న మనిషని పంపారు.

మేనేజరుకు ఒక పద్ధతి ఉంది. కూర్చుని ఎవరి గోడూ వినడు. పొద్దున కారు దిగి నాలుగో అంతస్తులో ఉన్న తన గదికి నడిచి ఎక్కుతాడు. లిఫ్టు ఉంది, ముట్టుకోడు. డాక్టరు మెట్లెక్కమన్నాడట. ఎవరేం చెప్పుకోవాలన్నా ఆ మెట్ల మీదే, ఆయన వెనకాలే ఎక్కుతూ చెప్పుకోవాలి. గది తలుపు మూసుకుందంటే కథ అయిపోయినట్టే. పొడుగు కాళ్ళ మనిషి, రెండేసి మెట్లు ఒక్క అంగలో దాటేస్తాడు. హాల్లో ఆయన పేరు మెట్లసారు. ఆయన చెవిన ఒక వాక్యం మొదలూ చివరా పడిన దాఖలా లేదు.

కాలరక్క మొదటి అంతస్తులో "నమస్కారం సార్" అంది. రెండో అంతస్తులో "మా హాల్లో" అంది. మూడో అంతస్తు మలుపులో ఆయాసం ఎగదన్నింది. "సార్... కిటి... కిటి..." అంటూ రెయిలింగు పట్టుకుంది.

మెట్లసారు వెనక్కి తిరిగి నవ్వాడు. "ముందు ఊపిరి తీసుకోమ్మా. మాట తర్వాత."

తలుపు మూసుకుంది.

ఆ వారమంతా హాల్లో ఆమె పేరు మారిపోయింది. "కిటికిటీ, ఆ కత్తెర ఇటివ్వు." "కిటికిటీ, అన్నానికి లేవవా?" వాళ్ళు సరదాకే అన్నారు. ఆమెకు ఒళ్ళు మండింది. రోజంతా మిషను తొక్కే మనిషి, మెట్లెక్కుతూ నాలుగు మాటలు చెప్పలేకపోవడమేమిటి?

ఆ వారం చివర ఒకరోజు తెల్లారకముందే మొగుడి పాత కాన్వాసు బూట్లలో గుడ్డపీలికలు కుక్కి గోడౌన్ల రోడ్డెక్కింది. పరుగు తీసింది. వరసగా ఆగి ఉన్న లారీల్లో రెండోది దాటేసరికి డొక్కలో పొడిచింది. కూలబడింది. ఇంటికొస్తే మొగుడు వ్యాను కడుగుతూ ఉన్నాడు.

"ఎవడు తరుముతున్నాడే?"

"ఎవడూ తరమకుండా పరిగెత్తితే ఎట్లా ఉంటుందో చూద్దామని."

"ఎట్లా ఉంది?"

"చచ్చేట్టుంది."

నాలుగో రోజుకి అన్న పెళ్ళాం తోడొచ్చింది. పక్క వాటాలోనే కాపురం, బడి వంటశాలలో పని. నోరు మూతపడదని ఆమెను అందరూ రేడియో వదిన అంటారు. ఒళ్ళు తగ్గించుకుందామని రాలేదు. మరదలు ఒక్కతే ఎక్కడికో పోతుంటే ఆ కబురు తనకు తెలియకుండా పోతుందని వచ్చింది.

ఇద్దరూ రొప్పుతూ పడుతూ పోతుంటే, ఆ దారిన రోజూ పరిగెత్తే రిటైరైన పోస్ట్‌మాన్ ఒకాయన పక్కకొచ్చాడు. "ఏమ్మా, రైలు తప్పిపోతుందా? మాట్లాడుకుంటూ పోగలిగినంత మెల్లగా పోండి. మాట తెగిందంటే జోరెక్కువైనట్టు. దూరం పోవాలంటే అంతే." చెప్పేసి ఆయన దారిన ఆయన పోయాడు.

"విన్నావా?" అంది వదిన. "నేను పుట్టిందే ఈ ఆటకి."

అప్పట్నుంచి వదిన నోరే కొలత. తోటికోడలి మీద చాడీ సాఫీగా సాగుతున్నంతసేపూ వేగం సరిపోయినట్టు. చాడీ మధ్యలో ఆగితే ఇద్దరూ మెల్లబడేవాళ్ళు. కాలరక్కకు ఇది వింతగా తోచింది. హాల్లో ఎప్పుడూ ఒకటే అరుపు: కానీ, కానీ, చెయ్యాడించు. చేతనైనదానికంటే మెల్లగా పొమ్మని ఆమెకు చెప్పిన మొదటి మనిషి ఆ పోస్ట్‌మానే.

నెలలు గడిచాయి. మొద్దునిద్ర పట్టసాగింది. కూతురు గిన్నె జారవిడిస్తే కసిరే నోరు కాస్త తగ్గింది. పిల్ల అనుమానంగా చూసి, "అమ్మా, నీకు బాగానే ఉందా?" అని అడిగింది. మోకాళ్ళు సలిపేవి, ఒక కాలి గోరు నల్లబడి ఊడిపోయింది. ఒక సెలవురోజు గోడౌన్లు దాటి, ఇటుక బట్టీలు దాటి, ఊరి చివర రైలు వంతెన దాకా పోయారు. ఇక్కడిదాకా రమ్మని తనకెవరూ చెప్పలేదని కాలరక్కకు అక్కడ తట్టింది. చెప్పినవాడు లేడు, లెక్కరాసేవాడు లేడు, ఆలస్యమైందని జీతం కోసేవాడు లేడు. ఆమెకు కన్నీళ్ళేం రాలేదు. దాహం వేసింది. సీసాలో నీళ్ళు తాగి, మిగిలినవి వదినకిచ్చి వెనక్కి తిరిగింది. ఏ రోషంతో రోడ్డెక్కిందో ఆ రోషం దారిలో ఎక్కడ జారిపోయిందో కూడా ఆమెకు గుర్తులేదు.

ఒక్క చిక్కు మాత్రం వచ్చిపడింది. రోజూ గుండెనిండా గాలి పీల్చడం అలవాటైన మనిషికి హాల్లో అడుగుపెట్టగానే గొంతు పిసికినట్టుండేది. అంతకుముందు అది గాలే అనుకుంది.

ఎండలు ముదిరాక ఒకరోజు ఇస్త్రీ పెద్దమ్మ ఆవిర్ల మధ్య బల్ల మీదికి ఒరిగిపోయింది. మోసుకొచ్చి మెట్ల మీద కూర్చోబెట్టారు. గాలి తగిలే చోటు అదొక్కటే. సూపర్‌వైజరు వచ్చి, "ఇంట్లో తినకుండా వచ్చుంటుంది" అనేసి పోయాడు. పెద్దమ్మ కళ్ళు తెరిచింది. ఆడవాళ్ళంతా కాలరక్క వైపు చూశారు.

"నా మొహం చూస్తారేంటి?"

"పరిగెత్తేదానివి నువ్వే కదే."

ఆమెకు చిర్రెత్తింది. ఆ పొద్దుటి గంట ఒక్కటే ఆమె సొంతం. దాన్ని కూడా తెచ్చి ఈ మెట్ల మీద ధారపోయాలా? సాయంత్రం దాకా తలవంచుకుని కాలర్లు కుట్టింది. ఇంటికి పోతూ పెద్దమ్మ గోడ పట్టుకుని నడవడం మాత్రం చూసింది.

మర్నాడు కారు ఆగేసరికి ఆమె మెట్ల మొదట్లో నిలబడి ఉంది.

"నమస్కారం సార్. హాల్లో కిటికీలకు మేకులు కొట్టారు. నిన్న ఇస్త్రీ పెద్దమ్మ పడిపోయింది."

మెట్లసారు అంగలు వేశాడు. ఆమె తొందరపడలేదు. ఒక్కొక్క మెట్టూ, ఒక్కో మాటా. ఆవిరి బయటికి పోయే దారి లేదని చెప్పింది. సాయంత్రానికి తలలు పగిలిపోతున్నాయని చెప్పింది. గుడ్డ మీద దుమ్ము పడుతుందనుకుంటే కిటికీలకు దోమతెర కొట్టించమంది. రెండో అంతస్తు దాటింది. మాట తెగలేదు. ఆయన వెనక్కి చూసి జోరు పెంచాడు. ఆమె కూడా అడుగు కలిపింది, గొంతు అదే దూరంలో వినిపిస్తూనే ఉంది. ఇంకా పెంచాడు. దాదాపు పరుగే.

మూడో అంతస్తు మలుపులో మెట్లసారు రెయిలింగు పట్టుకున్నాడు. మొహం ఎర్రబడింది. ఛాతీ కొలిమితిత్తిలా ఆడుతోంది.

కాలరక్క ఒక మెట్టు కింద ఆగింది. అప్పుడు ఆయన ఊపిరి గురించి అన్న మాటే ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. చెప్పాల్సింది ఇంకా మిగిలి ఉంది.

"ఇంతకుముందు కూడా ఇదే చెప్దామని వచ్చాను సార్. కిటికీలు తెరిపించండి. తెరిపించేదాకా రోజూ వస్తాను."

ఆయన ఏదో అనబోయాడు. ఊపిరి అందలేదు. "చూ... చూద్దాం" అన్నాడు.

ఆమె దిగి వచ్చి మిషను ముందు కూర్చుంది. పక్కవాళ్ళు పైన పడ్డారు.

"ఏమన్నాడే?"

"చూద్దామన్నాడు."

"అంతేనా?"

"మొత్తం విన్నాడు."

సాయంత్రం వడ్రంగి వచ్చి ఇస్త్రీ బల్ల పక్క కిటికీకి మేకులు పీకాడు. ఒక్కదానికే. మిగతావాటి సంగతి అడిగితే తనకు చెప్పలేదన్నాడు. పెద్దమ్మ ఆ కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు ఊరికే వీధిలోకి చూసింది.

తెల్లారి గోడౌన్ల రోడ్డు మీద వదిన ఉండబట్టలేకపోయింది. "మిగతావాటికి ఇవాళ మళ్ళీ ఎక్కుతావా? ఈసారి ఆయన లిఫ్టెక్కుతాడేమో చూసుకో! అయినా నిన్న మొహం ఎట్లా పెట్టాడే? మొదట్నుంచీ చెప్పు."

"ఎక్కుతాను. ఆ గొడవ హాల్లో చూసుకుందాం" అంది కాలరక్క. "ఇక్కడ నీ తోటికోడలి సంగతి కానీ."

వదిన అందుకుంది. ఇటుక బట్టీలు దాటేదాకా ఆపలేదు.