మొదటి నీళ్లు పోసిన చోట

చర్చిలో క్రీస్తు రక్తంగా ద్రాక్షరసం పంచే సంస్కారపు బల్ల మీద పరిచే తెల్ల గుడ్డలు ఉతికినప్పుడు మొదటిసారి జాడించిన నీళ్లు కాలువలో పోయకూడదు, నేలకే పోయాలి. పెళ్లయి వచ్చిన వారానికే అత్తయ్య నేర్పిన నియమం ఇది. పద్దెనిమిదేళ్లుగా ప్రతి ఆదివారం ద్రాక్షరసం మరకలు నలిపి, ఆ నీళ్లు పెరటి గోడ మూలన పోస్తున్నాను. చర్చిలో తోటమాలిది ఉద్యోగం, వాచ్‌మన్‌ది ఉద్యోగం. పాస్టరమ్మది మాత్రం సేవ.

క్రిస్మస్‌కి ఇంకా రెండు రోజులుంది. పొద్దున్నే అత్తయ్య కిటికీలోంచి కేకేసింది. "ఆ మూలన నాచు గీకెయ్యమ్మా. పండగ పూట సంఘ పెద్దలెవరైనా జారిపడితే మన పరువేం కాను?"

లోపల మా ఆయన ప్రసంగం వల్లె వేస్తున్నాడు. "సృష్టిని చూడండి ప్రియులారా! ప్రతి గడ్డిపరక మీదా దేవుడి సంతకం ఉంది!" అంతలోనే మామూలు గొంతుతో, "ఇదిగో, గీకాక బ్లీచింగ్ పౌడర్ కూడా చల్లు. లేకపోతే మళ్లీ మొలుస్తుంది" అన్నాడు. దేవుడి సంతకం మీద బ్లీచింగ్ పౌడర్! నవ్వాపుకుంటూ రేకు ముక్క తీసుకుని పెరట్లోకి నడిచాను.

ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. నేను ప్రార్థన మానేసి నాలుగేళ్లయింది. కళ్లు మూసుకుంటాను, పెదాలు కదుపుతాను, అందరితో పాటు ఆమేన్ అంటాను. లోపల మాత్రం ఎంతమందికి టీ పెట్టాలి, ఎన్ని కప్పులు కడగాలి అన్నదే తిరుగుతుంటుంది. అవతల వినేవాళ్లెవరూ లేరని ఒక రోజు తెలిసిపోయినట్టయింది. ఆ మాట ఈయనతో చెప్పబోయాను. "అలసటే అదంతా. కాసేపు పడుకో, భక్తి అదే వస్తుంది" అంటూ ఇస్త్రీకి అంగీ చేతిలో పెట్టాడు. పాస్టరు భార్యకి దేవుడు లేకపోతే ఇక ఆ ఇంట్లో ఆమెకి ఏముంటుందో నాకు తెలియదు. అందుకే మళ్లీ ఎత్తలేదు.

గోడ మూలన మోకాళ్ల మీద కూర్చున్నాను. మంచు ఇంకా విడలేదు. ఇన్నేళ్లూ నిలబడే నీళ్లు గుమ్మరించి వెళ్లిపోయాను గాని, వంగి చూసింది లేదు. వెంట్రుక కన్నా సన్నటి కాడలు, వేలకు వేలు. ప్రతి కాడ చివరా ఒక నీటి బొట్టు, ప్రతి బొట్టులోనూ తలకిందులుగా ఇంత ఆకాశం. ఎవరూ చూడని మూలన ఎవరు కూర్చుని ఇంత పని చేశారు? నాకు దుఃఖం ముంచుకొచ్చింది. ఆ పని చేసినవాళ్ల చేతులు నాకు తెలుసనిపించింది, అవీ నా చేతుల్లాంటివే.

అప్పుడు గమనించాను. పిట్టల చప్పుడు ఆగిపోయింది. గాలి బొత్తిగా లేదు. అయినా బొట్లన్నీ ఒక్కసారిగా లేచి ఒక్కసారిగా దిగుతున్నాయి, నిద్రపోతున్న మనిషి ఛాతీలాగా. నా ఊపిరే తగులుతోందేమోనని బిగపట్టి చూశాను. అవి ఆగలేదు. రేకు ముక్క పక్కన పడేసి అరచెయ్యి ఆనించాను. అంత చలిలో నాచు వెచ్చగా ఉంది. లేచి పరుగెత్తాలనిపించింది, కాని ఇన్నాళ్లూ నేను పోసిన నీళ్లు తాగినది నన్ను చూస్తోందని తెలుస్తోంది. నాలుగేళ్ల తర్వాత నోట్లోంచి ప్రార్థన లాంటి మాట ఒకటి వచ్చింది.

"ఇక్కడున్నావా?"

వెనక తలుపు తీసిన చప్పుడు. ప్రసంగం కాగితాలతో మా ఆయన గట్టు మీద నిలబడ్డాడు. "ఎవరితో మాట్లాడుతున్నావ్? గీకేశావా?"

"లేదు. గీకను."

"గీకవా? అమ్మ ఊరుకుంటుందా?"

"అత్తయ్యతో నేను చెప్పుకుంటాను. మీరు మాత్రం ఇటు రావాలంటే చెప్పులు విప్పి రండి."

పెద్దగా నవ్వాడు. "నాచుకి కూడా మర్యాదలా?" అంటూ గట్టు దిగబోయాడు.

బొట్లన్నీ ఠక్కున ఆగిపోయాయి. నేను తల తిప్పి ఆయన వైపు చూశాను. నవ్వు సగంలోనే పోయింది. నా ముఖంలో ఏం కనిపించిందో, ఆయన వంగి చెప్పులు విప్పాడు.